కాలనీ మరమ్మతుల సొమ్ము దేనికి ఖర్చుపెట్టాలో అక్కడ ఉండేవాళ్లే తేల్చాలా?

మూడో అంతస్తు:
విశాఖలో మధురవాడ వైపు ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఉంటున్నాను. లిఫ్టులు లేని బ్లాకులు. మరమ్మతులకు సొమ్ము వచ్చిన ప్రతిసారీ ఏం చేయాలో పై అధికారుల దగ్గరే తేలిపోతుంది. కిందటిసారి గేటుకు ఆర్చి కట్టారు, మెట్ల మీద దీపాలు మాత్రం వెలగవు. టొరంటోలో ప్రభుత్వ గృహ సంస్థ 2001లో ఏటా 90 లక్షల డాలర్ల పనులను ఎంచుకునే హక్కు అద్దెకుండేవాళ్లకే ఇచ్చింది. మనకు ఎందుకు వద్దు?

పాత ఇంజనీరు:
నేను వద్దనే అంటాను. మురుగు పైపు పగిలితే దానికి ఓటింగు ఏమిటండీ? ఓటు పెడితే ఒక బ్లాకులో కారే ట్యాంకు, పక్క బ్లాకులో పెచ్చులూడే స్లాబు పోటీ పడతాయి. ఓడినవాళ్లు రేపు అడగబోతే "మీరే తీర్మానించుకున్నారు కదా" అంటారు. అధికారికి అంతకన్నా హాయి ఏముంది?

మూడో అంతస్తు:
ఆ భయం నాకూ ఉంది. స్లాబు, పైపులు, వైరింగు ఓటుకు రాకూడదు, వాటి సొమ్ము విడిగా ఉండాలి. బ్లాకుల పోటీకి మాత్రం దారి ఉంది. 1989లో ఈ పద్ధతి మొదలైన బ్రెజిల్ నగరం పోర్టో అలెగ్రెలో చేతులెత్తిన లెక్క ఒక్కటే చూడలేదు. జనాభాతో పాటు ఏ ప్రాంతానికి సౌకర్యాలు తక్కువో చూసి దానికి ఎక్కువ మార్కులు వేశారు. చిన్న బ్లాకైనా నీళ్లు ఎక్కకపోతే ముందుకు వస్తుంది.

కొమ్మాది అద్దెదారు:
అసలు ఓటు ఎవరికి? మా బ్లాకులో ఇల్లు మంజూరైనవాళ్లు చాలామంది గాజువాకలోనో మరెక్కడో ఉంటారు. (అద్దెకు ఇవ్వవచ్చా అన్న తగువు ఇక్కడ వద్దు.) మోటారు చెడితే బిందెలు మోసేది నేను.

సొంతింటివాడు:
మీరు వచ్చే ఏడాది ఖాళీ చేసి వెళ్లిపోతారు. అప్పు కిస్తీ కట్టేది మేము.

కొమ్మాది అద్దెదారు:
కిస్తీ ఇంటికి కడుతున్నారు, మెట్ల దీపానికి కాదు. న్యూయార్క్‌లో ఇలాంటి ఓటుకు అక్కడ నివాసం ఉంటే చాలు, పౌరసత్వం కూడా అడగరు. 11 ఏళ్ల పిల్లలూ వేస్తారు.

పాత ఇంజనీరు:
విదేశాల సంగతి సరే. పుణె నగరపాలక సంస్థ 2006 నుంచి బడ్జెట్‌కు ముందే పౌరుల సూచనలు తీసుకుంటోంది. సూచన ఇవ్వడం వేరు, తేల్చడం వేరు. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది. విశాఖలో 98 వార్డులు. మీ వార్డు కమిటీ సమావేశానికి ఎప్పుడైనా పిలుపు వచ్చిందా?

మూడో అంతస్తు:
రాలేదు. అందుకే వార్డు దాకా ఆగకుండా కాలనీ నుంచే మొదలుపెడదామంటున్నాను.

పాత ఇంజనీరు:
అయితే ఎంత సొమ్ము ఉందో ముందు నోటీసు బోర్డు మీద అంకెల్లో రాయించండి. అది చూశాక సమావేశానికి వస్తాను. మోటారు సంగతీ అప్పుడే చూద్దాం.