డి లా హోయా బాక్సర్ల మనిషా, లేక అరమ్ కుర్చీలో కూర్చుని అరమ్ అయిపోయాడా?

గుంటూరు గ్లవ్స్:
నిన్న నిద్రపట్టక 2024 మే నాటి మెక్సికన్ బాక్సర్లు కనెలో-ముంగుయా ఫైట్ ప్రెస్ మీట్ వీడియో మళ్ళీ చూశా. ఒకప్పటి ఛాంపియన్, ఇప్పుడు ఫైట్లు పెట్టించే ప్రమోటర్ అయిన ఆస్కార్ డి లా హోయా మైకు దగ్గరికొచ్చి కనెలోని పెంచింది మా గోల్డెన్ బాయ్ కంపెనీయే అన్నట్టు మొదలెట్టి, 2018 నాటి కనెలో డోపింగ్ టెస్టు గొడవ కూడా లాగాడు. కనెలో లేచి మీదికెళ్ళిపోయాడు, పక్కనోళ్ళు ఆపారు కాబట్టి సరిపోయింది. ఈయన బాక్సర్ల డబ్బు తింటాడు అని కనెలో అందరి ముందే అనేశాడు, అది పచ్చి అబద్ధం అని ఆస్కార్ తర్వాత లాయర్ నోటీసు పంపించాడు.

ఎవరిది నిజమో తేల్చడానికి నేనెవణ్ణి. నన్ను తొలిచేది ఇంకోటి. 2000లో ఇదే ఆస్కార్ తన ప్రమోటర్ బాబ్ అరమ్ మీద కోర్టుకెళ్ళి కాంట్రాక్టులోంచి బయటపడ్డాడు. సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 2020 సెప్టెంబర్లో, కనెలో వెళ్ళి ఆస్కార్ మీద కేసేశాడు, అడిగింది 28 కోట్ల డాలర్లు. కోడలిగా పడ్డ కష్టాలన్నీ అత్తయ్యాక మర్చిపోయినట్టు లేదూ? నేనైతే అరమ్ అయిపోయాడనే అంటా. కాదనేవాళ్ళు చెప్పండి.

డల్లాస్ బావ:
కాదనేవాణ్ణి నేనున్నా. అసలు ఈ ప్రమోటర్లంతా ఎవరండీ, అరమ్ లాయరు, డాన్ కింగ్ గురించి నేను చెప్పక్కర్లా, రింగులో ఒక్క గుద్దు తిన్నోళ్ళు కాదు. ఆస్కార్ ఈస్ట్ లాస్ ఏంజెలిస్ మెక్సికన్ పేటలోంచి వచ్చాడు, 1990లో వాళ్ళమ్మ క్యాన్సర్‌తో పోయింది, ఆవిడ కోసమని 1992 బార్సిలోనాలో గోల్డ్ కొట్టాడు, తర్వాత ఆరు వెయిట్ క్లాసుల్లో టైటిళ్ళు, ఇంకా ఫామ్‌లో ఉండగానే 2002లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 2007లో మేవెదర్‌తో ఫైట్ చూడండి, ఆడింది తనే, ప్రమోట్ చేసిందీ తన కంపెనీయే, పే పర్ వ్యూ (డబ్బు కట్టి టీవీలో చూసేది) 24 లక్షలు అమ్ముడుపోయింది, స్ప్లిట్ డెసిషన్‌లో (జడ్జీలు ఇద్దరు అటు, ఒకరు ఇటు) ఓడిపోయాడు కానీ గెలిచినోడి కంటే ఓడిన ఈయనకే ఎక్కువ ముట్టింది. బాక్సర్ అనేవాడు కూలోడు కాదు, ఓనర్ కూడా కావచ్చు అని చేసి చూపించాడు మనిషి.

పైగా కంపెనీలో వాటాలు ఎవరికిచ్చాడో తెలుసా? మోస్లీకి, వాడు ఈయన్ని రెండుసార్లు ఓడించాడు. హాప్కిన్స్‌కి, వాడు నాకౌట్ చేశాడు. మన దగ్గర ఎలక్షన్లో ఓడించినోడి ముఖం కూడా చూడరు!

సౌత్‌పా శీను:
హాప్కిన్స్ మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నా. 2004 సెప్టెంబర్ 18, ఎంజీఎం గ్రాండ్, తొమ్మిదో రౌండు. ఆ పంచ్ స్లో మోషన్‌లో చూస్తే అసలేం లేదనిపిస్తుంది, పొట్టిగా ఒక ఎడమ హుక్, కుడి డొక్క కింద లివర్ మీద. వైజాగ్‌లో యూనివర్సిటీ రోజుల్లో నాకు ఒకసారి అదే చోట తగిలింది కాబట్టి చెప్తున్నా, ఒక సెకను ఏమీ తెలీదు, ఓస్ ఇంతేనా అనుకుంటాం, అప్పుడు ఊపిరి లోపలికెళ్ళడం మానేస్తుంది. బుర్ర లేవరా లేవరా అంటూనే ఉంటుంది, కాళ్ళు మనవి కావు. ఆస్కార్ కింద పడి పది లెక్కపెట్టేదాకా లేవలేక కోపంతో గ్లవ్‌తో నేలని బాదాడు చూడండి, నటన అన్నారు కొందరు, నేను మాత్రం నమ్మను.

అలా కొట్టినోణ్ణి పిలిచి పార్ట్‌నర్‌ని చేసుకున్నాడంటే ఆ ఒక్క విషయంలో బావ మాటకే నా ఓటు.

కరీంనగర్ 77:
శీనన్నా, బావా, మీరిద్దరు మంచిగనే చెప్తున్నరు గని వాటాలు ఎవరికొచ్చినయ్? హాప్కిన్స్, మోస్లీ, బరేరా. ముగ్గురూ అప్పటికే పెద్ద పేరున్నోళ్ళు. అండర్‌కార్డ్‌ల (పెద్ద ఫైట్ ముందటి చిన్న ఫైట్లల్ల) నాలుగు రౌండ్లు కొట్టుకునే పోరనికి ఏమొచ్చింది? ఆ పోరడు టికెట్లు అమ్మాలె, ట్రైనర్‌కి ఇయ్యాలె, మేనేజర్‌కి ఇయ్యాలె, మిగిలింది చూస్తే ఏముంటది.

మన దగ్గర చాలామందికి ఈ సిస్టమే ఎరుక లేదు. నిఖత్ జరీన్ మా పక్కన నిజామాబాద్ నుంచి పోయి 2022ల, 2023ల వరల్డ్ ఛాంపియన్ అయింది, కానీ అది ఫెడరేషన్ లోకం, సెలెక్షన్, క్యాంపు, మెడల్. ప్రో బాక్సింగ్‌ల ఫెడరేషన్ జాగల ప్రమోటర్ ఉంటడు, టీవీవాళ్ళ పైసలు ముందు ఆయన దగ్గరికొస్తయ్, అక్కడికెళ్ళి బాక్సర్‌కి. మధ్యల ఎంత ఆగింది అన్నదే మొత్తం లొల్లి. అందుకే అమెరికాల 2000ల అలీ యాక్ట్ అని చట్టం తెచ్చిండ్రు, ఈ ఫైట్ మీద నాకింత వస్తున్నది అని ప్రమోటర్ తన బాక్సర్‌కి చెప్పాలె.

ఇప్పుడు కనెలో కేసు చూడు. 2018ల డజోన్ (ఫైట్లు ఆన్‌లైన్‌ల చూపించే కంపెనీ) డీల్, 11 ఫైట్లు, 36 కోట్ల 50 లక్షల డాలర్లు, పేపర్లన్నిట్ల కనెలో ఫోటోనే. కానీ డజోన్ సంతకం గోల్డెన్ బాయ్‌తోని, కనెలో సంతకం గోల్డెన్ బాయ్‌తోని. కేసు కాయితాలల్ల ఏముందంటే ఫైట్‌కి డజోన్ ఇచ్చేది నాలుగు కోట్లు, కనెలోకి మూడున్నర కోట్లు. డజోన్‌కి గోల్డెన్ బాయ్ ఏమేం ఒప్పుకున్నదో నాకు చెప్పలేదు అన్నడు కనెలో. ప్రపంచంల నంబర్ వన్ బాక్సర్ గతే అట్లుంటే నాలుగు రౌండ్ల పోరడు ఎవర్ని అడగాలె?

డల్లాస్ బావ:
77 గారూ, సగం కథే చెప్పారు. ఆ కేసులో డజోన్ మీద కూడా వేశాడు కనెలో, ఒక్క ఆస్కార్ మీదే కాదు. కోవిడ్ టైమ్, స్టేడియాల్లో జనం లేరు, ప్రత్యర్థి పెద్ద పేరున్నోడు కాకపోతే నాలుగు కోట్లు ఇవ్వం అని డజోన్ మొండికేసింది. రెండు నెలలు తిరక్కుండానే రాజీ అయిపోయింది, నవంబర్లో కనెలో ఫ్రీ. డిసెంబర్లో కాలమ్ స్మిత్‌తో ఆడిన ఫైట్ మళ్ళీ అదే డజోన్‌లో వచ్చింది! ఇక ఫైట్‌కి అరకోటి డాలర్ల తేడా అంటారా, హాల్ అద్దె, అండర్‌కార్డ్ బాక్సర్ల జీతాలు, పబ్లిసిటీ ఆకాశంలోంచి ఊడిపడవుగా. 2010లో 19 ఏళ్ళ కుర్రాణ్ణి సైన్ చేసి అక్కడిదాకా తెచ్చినందుకు ఆ మాత్రం కూడా ఉండొద్దా?

నైట్ షిఫ్ట్:
(మీటింగ్‌లో ఉండి టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి) ఆస్కార్‌ని మరీ అమాయకుణ్ణి చెయ్యకండి బావగారూ. 2006లో ఫిలిప్పీన్స్ బాక్సర్ ప్యాక్వియావోని అరమ్‌కి దక్కకుండా లాగేసుకోవాలని రెండున్నర లక్షల డాలర్లు క్యాష్ బ్యాగులో పెట్టి ఇచ్చారు. అతను బ్యాగ్ తీసుకుని సంతకం పెట్టాడు, తర్వాత వెళ్ళి అరమ్ దగ్గర కూడా పెట్టాడు, కోర్టు గొడవలయ్యి 2007లో ఇద్దరు ప్రమోటర్లూ సర్దుబాటు చేసుకున్నారు. కాంట్రాక్టు బోనులోంచి బయటపడ్డోడు ఇంకోణ్ణి బోనులో పెట్టడానికి బ్యాగుతో వెళ్ళడమేంటి? 2008 డిసెంబర్లో అదే ప్యాక్వియావో ఈయన్ని ఎనిమిది రౌండ్లు ఉతికి స్టూల్ మీంచి లేవకుండా చేశాడు, వడ్డీతో సహా తీర్చుకున్నాడనుకోండి.

ఇంకో ముక్క. 2007లో ద రింగ్ మ్యాగజైన్‌ని గోల్డెన్ బాయ్ కొనేసింది, ర్యాంకింగులు ఇచ్చే పత్రిక 2024లో అమ్మేదాకా ప్రమోటర్ చేతిలోనే ఉంది. పేకాటలో పంచేవాడూ ఆడేవాడూ ఒకడే అయితే ఎవడైనా కూర్చుంటాడా?

గుంటూరు గ్లవ్స్:
బాక్సర్ల మేనేజర్ అల్ హేమన్ మీద వేసిన కేసు కూడా చేర్చండి. 2014లో గోల్డెన్ బాయ్ సీఈఓ రిచర్డ్ షాఫర్ వెళ్ళిపోయాడు, అప్పుడు చూసుకుంటే చాలామంది స్టార్లు కంపెనీకి కాంట్రాక్టే లేకుండా అల్ హేమన్ చేతిలో ఉన్నారు. 2015లో ఆస్కార్ హేమన్ మీద 30 కోట్ల డాలర్లకి దావా వేశాడు, మేనేజరూ నువ్వే ప్రమోటరూ నువ్వే అయితే ఎలా, బాక్సర్‌కి అన్యాయం కాదా అని అలీ యాక్ట్ పట్టుకున్నాడు. 2017లో జడ్జి కొట్టేశాడు. బాక్సర్ల హక్కులు ఈయనకి ఎప్పుడు గుర్తొస్తాయో చూశారా, బాక్సర్లు చేయి జారాక.

డల్లాస్ బావ:
గ్లవ్స్ గారూ ఇది మాత్రం అన్యాయం, చట్టాన్ని వాడుకుంటే తప్పు, వాడకపోతే తప్పు.

సౌత్‌పా శీను:
ఇందాక బావ వైపు ఓటేశా కదా, రాత్రంతా ఆలోచించి సగం వెనక్కి తీసుకుంటున్నా. మాకు ఒక పెద్దాయన ఉండేవారు, పేరు వద్దులెండి, పాత స్టేట్ ఛాంపియన్. ప్రతి ఏడూ ఓ చిన్న టోర్నీ పెట్టేవారు. ఫైట్ ముందు మా చేతికట్లు ఆయనే కట్టేవారు, ఒక్కో వేలి మధ్యలోంచి తీసి, మెటికల మీద మడత మీద మడతేసి, పిడికిలి బిగించు, ఇప్పుడు వదులు, మళ్ళీ బిగించు అంటూ, నొప్పెక్కడుందో మాకంటే ముందు ఆయనకే తెలిసేది. అంత బాగా ఇప్పటిదాకా నాకు ఇంకెవరూ కట్టలేదు. కానీ బస్ చార్జీలు అడిగితే స్పాన్సర్ ఇంకా ఇవ్వలేదు నాన్నా అనేవారు. మూడేళ్ళు ఆడాను, మూడేళ్ళూ అదే మాట. స్పాన్సర్ నిజంగా ఇవ్వలేదో, ఇచ్చాక ఎటు పోయిందో ఆ పుస్తకం మేమెప్పుడూ చూళ్ళేదు, చూపించమని అడగడానికి నోరు రాలేదు, అలా చేతులు కట్టినాయన్ని ఎలా అడుగుతాం? అదే ఎవడో కాంట్రాక్టర్ పెట్టిన టోర్నీ అయితే కాలర్ పట్టుకునేవాళ్ళం.

ఆస్కార్ దగ్గరా అదే జరుగుతుందని నా అనుమానం. దెబ్బ సంగతి తెలిసినోడు కదా లెక్క సంగతి కూడా చూసుకుంటాడులే అని కుర్రాళ్ళు చదవకుండా సంతకం పెట్టేస్తారు. అరమ్ దగ్గరికెళ్ళేవాడు లాయర్ని వెంటబెట్టుకెళ్తాడు.

కరీంనగర్ 77:
శీనన్నా కొట్టినవ్ పో. బస్ చార్జీ ఎంతుండె అప్పట్ల?

సౌత్‌పా శీను:
రానూపోనూ 180.

కరీంనగర్ 77:
ఆయన ఇప్పుడు ఉన్నడా?

సౌత్‌పా శీను:
ఉన్నారు, కళ్ళు సరిగ్గా కనపడవు. పోయిన వేసవిలో మా వాణ్ణి తీసుకెళ్ళి చేతికట్లు ఆయన దగ్గరే నేర్పించా. ఫీజు ముందే ఇచ్చేశా, రసీదు అడగలా.