దక్షులా, అధ్యక్షులా? రాయబారం పద్యంలో ఒక ముక్క

పర్లాకిమిడి నుంచి:
మొన్న గిడుగు వారి జయంతి సభలో మా వైపు మాజీ ఎమ్మెల్యే గారు మాట్లాడారు. ఢిల్లీలో చట్టాలు ఎలా తయారవుతున్నాయో చెబుతూ 2023 డిసెంబరు దగ్గర ఆగిపోయారు. ఆ శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు కదా, వాళ్లు బయట ఉండగానే మూడు నేర చట్టాల బిల్లులూ పాసైపోయాయి. "లోపలున్నవాడికి విప్పు (ఇలా ఓటెయ్యమని పార్టీ ఆదేశం), మాట్లాడేవాడికి గంట, అరిచేవాడికి గేటు" అని, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నారు. మైకు కుయ్యిమంది. నా చెవిన పడింది ఇంతే: "చెడబారినదైన యవస్థ ...క్షులెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని". ఆ 'క్షు' ముందు ఏముంది? నాకు 'అధ్యక్షులు' అన్నట్టే వినబడింది. సభాధ్యక్షుల మీద విసురనుకున్నాను.

బరంపురం నుంచి:
"సారపు ధర్మమున్ విమల సత్యము". తిక్కన, ఉద్యోగపర్వం. ధర్మం చెడిపోతుంటే ఊరుకున్నవాళ్లకే చేటని కౌరవసభలో కృష్ణుడి మాట. దక్షులు. 'అధ్యక్షులు' పెడితే ఒక గురువు ఎక్కువై ఉత్పలమాల నడుం విరుగుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

పర్లాకిమిడి నుంచి:
లెక్కపెట్టాను మాస్టారూ, మీరన్నది నిజమే. కానీ ఆయన గణాలు చూసుకుని మాట్లాడే మనిషి కాదు.

జయపురం నుంచి:
మీరిద్దరూ అసలు సంగతి దాటేస్తున్నారు. మూలంలో ఏముంది? "హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః". చూస్తూ కూర్చున్న సభ్యులంతా చచ్చినవాళ్లే. వ్యాసుడు ఎవరినీ వదల్లేదు. తిక్కన మాత్రం సభాసదుల్ని తీసేసి దక్షుల్ని కూర్చోబెట్టాడు, అంటే ఆపగలిగిన శక్తి ఉండీ ఆపనివాళ్లు. మనుమసిద్ధి దగ్గర మంత్రిత్వం చేసిన మనిషి! కొలువులో కూర్చున్న ప్రతివాడికీ నోరు ఉండదని ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పదిహేను పర్వాలు రాసినవాడు ఒక మాట ఊరికే మార్చడు.

బరంపురం నుంచి:
అంటే మన ఎంపీలకు తిక్కన సందు చూపించాడన్నమాట. 1985లో పార్టీ ఫిరాయింపుల మీద రాజ్యాంగంలో పదో షెడ్యూలు వచ్చింది. విప్పును కాదని ఓటేసినా, వెయ్యకుండా తప్పుకున్నా సభ్యత్వానికే ఎసరు. కాబట్టి నేను దక్షుణ్ణి కాను, చేటు నాకు రాదు అని ఎవరైనా అనొచ్చు.

జయపురం నుంచి:
అనొచ్చు. విప్పు ఓటుకే గానీ నోటికి కాదని తిరిగి అడగనూ వచ్చు.

రాయగడ నుంచి:
నా గొడవ 'దక్షులు' కాదు, 'ఉపేక్ష'. మా అబ్బాయి ఒడియా మీడియం. వాడికి ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం, అంతే. మన మంత్రులు "ఉపేక్షించేది లేదు" అంటే అర్థం వేరు, చూసీ చూడనట్టు వదలం అని. తిక్కన దగ్గర ఏది? నాకు రెండోదే అనిపిస్తుంది. ఇంకో తమాషా. అదే పదో షెడ్యూల్లో, విప్పు తప్పినవాణ్ణి పార్టీ 15 రోజుల్లోగా మన్నిస్తే సభ్యత్వం నిలుస్తుంది. ఆ మన్నింపుకు తెలుగులో నేనైతే 'ఉపేక్ష' అనే రాస్తాను. పార్టీ చేస్తే ప్రాణం పోసే ఉపేక్ష, సభ్యుడు చేస్తే తిక్కన తిట్టే ఉపేక్ష!

జయపురం నుంచి:
మన్నింపు వేరమ్మా, ఉపేక్ష వేరు. ప్రేక్షలోనూ ఉపేక్షలోనూ ఉన్నది ఒకటే ధాతువు, ఈక్ష, చూడడం. మూలంలోని ఆ చూపును తిక్కన పోనివ్వలేదు. అక్కడ చూడండి ఆయన పనితనం.

కాశీనగర్ నుంచి:
మాటలంటే గుర్తొచ్చింది. ఐపీసీని ఇన్నాళ్లూ శిక్షాస్మృతి అన్నాం. 2024 జూలై 1 నుంచి న్యాయ సంహిత. శిక్ష పోయి న్యాయం వచ్చింది, స్మృతి పోయి సంహిత వచ్చింది. నాకు స్మృతే బాగుండేది. హిందీలో బిల్లును విధేయక్ అంటారు, ఒడియాలోనూ అంతే. మన చెవికి అందులో "ఇట్లు తమ విధేయుడు" వినిపిస్తుంది. ఇప్పటి సభలకు సరిపోయింది.

బరంపురం నుంచి:
ఇంతకీ ఆ మాజీ ఎమ్మెల్యే గారు ఈ పద్యం భువనేశ్వర్ శాసనసభలో చదివి ఉండాల్సింది.

పర్లాకిమిడి నుంచి:
అదీ అడిగాం. రాజ్యాంగం 210వ అధికరణం చెప్పారు. రాష్ట్ర అధికార భాషలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో మాట్లాడాలి. వాటిలో సరిగా చెప్పలేనివాళ్లకే స్పీకరు మాతృభాషకు అనుమతి ఇవ్వొచ్చు. "నా ఒడియా బాగుండడమే నా ఖర్మ" అని నవ్వారు. చర్చ లేకుండా పాసయ్యే బిల్లు ఏ భాషలో ఉంటే ఏమిటని కూడా అన్నారు. సాగు చట్టాల రద్దు బిల్లు 2021 నవంబరు 29న, ఒక్క రోజులోనే, రెండు సభలూ చర్చ లేకుండా దాటింది కదా.

రాయగడ నుంచి:
అది మంచి రద్దే కదండీ.

పర్లాకిమిడి నుంచి:
మంచిదైతే చర్చ వద్దా?

జయపురం నుంచి:
పద్యానికి రండి.

పర్లాకిమిడి నుంచి:
వస్తున్నా. మా మేనల్లుడి ఫోన్లో వీడియో దొరికింది. వాడికి తెలుగు చదవడం రాదు, విన్నది విన్నట్టు ఒడియా లిపిలో రాసి పంపాడు. అక్కడ 'ఖ్యులు' అని ఉంది. వాళ్లు క్షను ఖ్య అనే పలుకుతారు కాబట్టి దక్షులే అనుకున్నాను. కానీ ముందు అక్షరం 'ద' కాదు, స్పష్టంగా 'ము'. ముఖ్యులెవ్వారలు! ఉత్పలమాలలో లెక్కపెట్టాను, సరిపోతోంది.

బరంపురం నుంచి:
ముఖ్యులా? ఆగండి, మా ఇంట్లో ఉద్యోగపర్వం అటక మీద ఉంది. నిచ్చెన పక్కింటివాళ్లు పట్టుకెళ్లారు.