అప్‌డేట్: అద్దె ఇంట్లో గీజర్ ఖర్చు ఎవరిదో తేలింది

పోయిన నెల అడిగాను కదా, మియాపూర్‌లో మేం అద్దెకుంటున్న ఫ్లాట్‌లో ఓనర్ పెట్టించిన 25 లీటర్ల గీజర్ కారుతోంది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని. తేలిపోయింది.

ముందు అగ్రిమెంట్ తీసి చూశాను. ఫిట్టింగ్స్ జాబితాలో గీజర్ ఉంది, రిపేర్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. 2021 మోడల్ టెనెన్సీ చట్టంలో అయితే, వేరేగా రాసుకోకపోతే గీజర్ రిపేర్లు, స్విచ్‌లు, కుళాయి వాషర్లు అద్దెకుండేవాళ్లవే అని ఉంది. అది కేంద్రం ఇచ్చిన నమూనా, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే వర్తిస్తుంది, అయినా చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది.

మెకానిక్ వచ్చి విప్పితే ట్యాంకే తుప్పు పట్టి చిల్లు పడి ఉంది. బోరు నీళ్ల ఉప్పుకి లోపల ట్యాంక్‌కి తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ పూర్తిగా అరిగిపోయింది, దాన్ని ఎప్పటికప్పుడు మార్చి ఉంటే ట్యాంక్ ఇంకొన్నేళ్లు వచ్చేదట. ఆ వీడియో ఓనర్ ఆంటీకి పంపి, "ఇది రిపేర్ కాదు ఆంటీ, వస్తువే పోయింది, కొత్తది కొన్నా మీ ఇంట్లోనే ఉంటుంది కదండీ" అన్నాను. రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు.

కొత్త గీజర్ ఆవిడది, బిగింపు కూలీ, ఇకమీదట సర్వీసింగ్, రాడ్ మార్పించడం మాది. ఈ మాట వాట్సాప్‌లో రాయించుకున్నాను, రెన్యువల్ అగ్రిమెంట్‌లో కూడా ఎక్కిస్తాం. పసిబిడ్డ ఉన్న ఇల్లు, మూడు వారాలు పొయ్యి మీదే నీళ్లు కాచుకున్నాం. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.