అప్‌డేట్: నాన్న క్యాసెట్‌లోని ‘వైట్ క్రిస్మస్’ ఎందుకు వేరుగా ఉందో తేలింది

మొన్న అడిగాను కదా, అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ పాడిన ‘వైట్ క్రిస్మస్’ పాట మా నాన్న క్యాసెట్‌లో ఒకలా, ఫోన్‌లో ఇంకోలా ఎందుకు వినిపిస్తోందని. మీలో ఒకరు చెప్పిందే నిజం, అవి రెండు వేర్వేరు రికార్డింగులు. మొదటిది 1942 మేలో చేశారు. దాన్నుంచి కాపీలు తీసీ తీసీ అసలు మాస్టరే అరిగిపోవడంతో 1947 మార్చిలో అదే ఆర్కెస్ట్రాతో, అదే కోరస్‌తో మళ్లీ పాడించారు. ఇప్పుడు ఎక్కడ చూసినా మోగేది ఎక్కువగా ఈ రెండోదే.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇట్టే తెలిసిపోతుంది: క్రాస్బీ గొంతు ఎత్తకముందే ఫ్లూట్లు, చిన్న గంటల్లా మోగే సెలెస్టా వచ్చాయంటే అది 1947ది. నాన్నదాంట్లో అవి లేవు. ఎవరి పాత రికార్డు నుంచో ఎక్కించుకున్నారు కాబట్టి సూది గరగర కూడా అందులోకి వచ్చేసింది, నిజం చెప్పాలంటే నాకు సగం ఇష్టం ఆ గరగర మీదే.

నాట్ కింగ్ కోల్ ‘ది క్రిస్మస్ సాంగ్’ కూడా ఇంతేనట, 1946, 1953, 1961లలో మళ్లీ మళ్లీ పాడాడు. 1961ది స్టీరియో, చాలా శుభ్రంగా ఉంది, నా ఓటు మాత్రం 1946కే.

గుంటూరులో క్యాసెట్లని డిజిటల్‌లోకి మార్చేవాళ్లు తెలిస్తే చెప్పండి, గరగర తీసేయనివాళ్లయితే ఇంకా మంచిది.