కొరత వస్తుందంటే ముందే సరుకులు నింపుకోవడం తప్పెట్లా అవుతుంది?

నల్లగొండ వన్‌టౌన్ (చర్చ మొదలుపెట్టింది)

ఈ పంచాయితీ మా ఇంట్లో తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2025 మేలో పాకిస్థాన్‌తో యుద్ధం అని టీవీల్లో గంటగంటకూ వస్తున్నప్పుడు నేను 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు, నూనె ప్యాకెట్లు ఇరవై, పది కిలోల కందిపప్పు, ఉప్పు, చక్కెర, సబ్బులు ఒకేసారి తెచ్చిపెట్టాను. ఇంట్లో షుగర్ ఉన్న నాన్న, ఇద్దరు పిల్లలు. 2020 మార్చిలో మా పెద్దోడికి పది నెలలు. పాలపొడి డబ్బా కోసం క్లాక్ టవర్ చుట్టూ ఆరు షాపులు తిరిగి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన రోజు నేను మరిచిపోలేను. అందుకే ఈసారి ఆగలేదు.

మొన్న మా బావ ఇంటికొచ్చి, ఆ బస్తాలు చూసి "నీలాంటోళ్ల వల్లే కొరత వస్తది" అన్నాడు. నా పైసలతో నా పిల్లల కోసం కొనుక్కున్నాను. ఎవరి నోటి దగ్గరిది గుంజుకున్నాను? తప్పయితే ఎట్లా తప్పో చెప్పండి.

దేవరకొండ కిరాణం

తమ్ముడూ, నీ మీద కోపంతో రాయట్లేదు. కౌంటర్‌కు ఇవతల నిలబడ్డవాడిగా చూసింది చెబుతున్నాను.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే మన రాష్ట్రంలో లాక్‌డౌన్ అని చెప్పారు. మర్నాడు పొద్దున నేను షట్టర్ సగం లేపేసరికే ముప్పై మంది ఉన్నారు. ఒకాయన కారు డిక్కీ తెరిచిపెట్టి నూనె కార్టన్లు నాలుగు వేయమన్నాడు, రేటు కూడా అడగలేదు. ఇచ్చాను. అందరూ నగదే. మాలాంటి దుకాణంలో మామూలుగా ఉండేది వారం, పది రోజుల సరుకు. అంతకన్నా పెట్టుబడి మా దగ్గర ఉండదు. ఆ వారం సరుకు మూడు గంటల్లో ఇరవై ఇండ్లలోకి వెళ్లిపోయింది. హైదరాబాద్ బేగంబజార్‌లో హోల్‌సేల్ వాళ్లకు ఫోన్ చేస్తే సరుకుంది, బండి లేదన్నారు.

సాయంత్రం ఒకామె వచ్చింది. మేస్త్రీ పనికి పోతుంది, రోజూ కూలి డబ్బులు చేతిలో పడ్డాక పావుకిలో పప్పు, ఇరవై రూపాయల విడి నూనె తీసుకుంటుంది. నూనెకు చిన్న సీసా ఇంటి నుంచే తెస్తుంది, మూత పోతే గుడ్డ చుట్టిన సీసా. ఎప్పటిలాగే కౌంటర్ మీద పెట్టింది. నూనె లేదమ్మా అన్నాను. ఒక్క మాట మాట్లాడకుండా ఆ సీసా కొంగులో పెట్టుకొని పోయింది. అయిదేళ్లయింది, ఆ సీసా నాకింకా కనబడుతుంది.

ఎవరి నోటి దగ్గరిది అని అడిగావు కదా. ఆమెది. నీకు ఆమె కనబడదు, ఎందుకంటే నువ్వు పొద్దున వచ్చావు, ఆమె సాయంత్రం వస్తుంది.

నిజానికి దేశంలో అప్పుడు బియ్యానికి కొరత లేదు. తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. కానీ అవి చేతికొచ్చేలోగా గడిచిన రోజులు ఉన్నాయి చూడు, ఆ రోజులు రోజుకూలీలవే.

మహబూబ్‌నగర్ రిటైర్డ్ టీచర్

కిరాణం బాబు బాధ అర్థమైంది. కానీ నిల్వ చేసుకోవడమే పాపం అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. పాలమూరు గడ్డ మీద నిల్వ లేని ఇల్లు బతకలేదు. వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు, మగవాళ్లు బొంబాయి, పుణె వలసపోతే ముసలివాళ్లు, పిల్లలు ఇంట్లో ఉన్న గింజల మీదే ఉండాలి.

మా నాయన జొన్నలు పాతరలో పోసేవాడు. గుంత చుట్టూ గడ్డి పేర్చి, నింపాక పైన మట్టితో మూసేవాళ్లు. మూత తీసిన రోజు పిల్లలను దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. లోపల గాలి ఉండదు, దిగినవాడు పడిపోతాడు. ముందు లాంతరు తాడుతో దించేవాళ్లు. అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగాలి. అంత జాగ్రత్తగా దాచుకున్న తిండిని మీరు దురాశ అంటారా? నల్లగొండ బాబూ, పిల్లల కోసం భయపడటంలో తప్పు లేదు.

మిర్యాలగూడ రైస్ మిల్లు

టీచరమ్మా, నమస్తే. మీరు చెప్పింది నిజమే, కానీ మీ నాయనగారు చేసిందీ ఈ తమ్ముడు చేసిందీ ఒకటి కాదు. ఇరవై ఏళ్లుగా మిల్లులో ఉన్నాను, రెండు తేడాలు చెబుతాను.

పాతరలో జొన్నలు, గుమ్మిలో వడ్లు పోసింది కోతలైన వెంటనే. అప్పుడు ఊరంతా గింజే. ఎవరెంత దాచుకున్నా పక్కవాడికి తక్కువ పడదు, పైగా పడిపోయే ధర కొంచెం నిలబడుతుంది. భయం పుట్టిన రోజున కొనడం అట్లా కాదు. ఆ రోజు దుకాణంలో ఉన్నదే సరుకు. ఒకడు నాలుగింతలు తీసుకుంటే ముగ్గురికి లేనట్టే.

రెండోది, పెద్దవాళ్లు దాచింది వడ్లు. పైన పొట్టు ఉంటుంది కాబట్టి పురుగు అంత తొందరగా పట్టదు. నెలకు సరిపడా దంచుకొనో, ఆడించుకొనో తినేవాళ్లు. మనం దాచేది పాలిష్ పట్టిన బియ్యం. ముక్కపురుగు గింజకు బొక్క పెట్టి లోపలే గుడ్డు పెడుతుంది, బయటికి ఏమీ కనబడదు. వానాకాలం తేమ తగలగానే బస్తా మొత్తం పాకుతుంది. తమ్ముడూ, మేలో కొన్న నీ బస్తాలు ఒకసారి విప్పి చూసుకో.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసిందని తెలియగానే అక్కడ మనవాళ్లు షాపుల ముందు లైన్లు కట్టారు. చాలా చోట్ల మనిషికి ఒక్క బస్తానే అని బోర్డు పెట్టారు. వీడు నాలుగు షాపులు తిరిగి అయిదు బస్తాలు పోగేశాడు. చివరి రెండు పురుగు పట్టి పారబోశాడు.

చందంపేట ఏఎన్ఎం

అన్నలందరూ టౌన్ నుంచి మాట్లాడుతున్నారు. మా తండాల వైపు పెద్దవాన పడి వాగొస్తే ఆటో రాదు, బస్సు రాదు. ఇంట్లో నెల గింజలు, పప్పు, బీపీ షుగర్ గోలీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోమని బాలింతల ఇండ్లకు, ముసలివాళ్ల ఇండ్లకు నేనే తిరిగి చెబుతాను. ఇది భయపడి కొనడం కాదు.

ఇంకోటి. 2025 జూన్‌లో మూడు నెలల రేషన్ ఒకేసారి ఇచ్చారు గదా. మనిషికి 18 కిలోల సన్నబియ్యం, అయిదుగురుంటే 90 కిలోలు. నిల్వ తప్పయితే సర్కారే ఎందుకు ఇస్తుంది? వానల్లో ఇబ్బంది పడొద్దనే ఇచ్చింది. మంచిదే. కానీ ఒక్క గది రేకుల ఇంట్లో 90 కిలోలు ఎక్కడ పెట్టాలి? నేల మీదే సంచులు పెడితే చెమ్మ పట్టి అడుగు బియ్యం ముద్ద కట్టిన ఇండ్లు నేను చూశాను. పేదవాళ్లకు పైసలే కాదు, డబ్బా కూడా ఉండదు. ముందే కొనుక్కుని ఉండాల్సింది అని వాళ్లకు చెప్పేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

నల్లగొండ వన్‌టౌన్

మిల్లు అన్నా, మీరన్నాక ఇప్పుడే బస్తాలు విప్పాను. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాంట్లో చెయ్యి పెడితే పిండి అంటింది, నాలుగోది చెప్పనవసరం లేదు. అమ్మ చాటలో పోసి చెరుగుతోంది.

కిరాణం అన్నా, ఆ సాయంత్రం ఆమె సంగతి చదివాక జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. 2020లో పాలపొడి దొరకక తిరిగినప్పుడు, నాకన్నా ముందు ఎవరో పది డబ్బాలు తీసుకుపోయారని ఒక షాపాయన చెప్పాడు. ఆ రోజు వాళ్లను తిట్టుకున్నాను. మేలో నేను చేసింది కూడా అదే. కానీ ఒకటి అడుగుతాను. నేను కొనకపోతే నా పక్కవాడు కొంటాడు. అప్పుడు నా పిల్లల సంగతేంది?

దేవరకొండ కిరాణం

ఆ భయం నిజమైందే, అది ఒక్క కొనేవాడు ఆపగలిగేది కాదు. ఆపాల్సింది మేమే. ఆ రోజు నాలుగు కార్టన్లు ఇచ్చింది నేను, ఆ తప్పు నాది.

తర్వాత నేను మార్చుకున్నాను. ఉద్దెర పుస్తకంలో నలభై ఇండ్లున్నాయి. గడబిడ మొదలైందని తెలియగానే ముందు వాళ్ల వారం సరుకు లోపల గదిలో పక్కన పెట్టేస్తాను. మిగిలింది ఇంటికి రెండు నూనె ప్యాకెట్లు, రెండు కిలోల పప్పు, అంతే, ఎవరొచ్చినా. మేలో అట్లాగే చేశాను. ఒకాయన అరిచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు కాల్పుల విరమణ వచ్చింది, మళ్లీ ఆయనే వచ్చి మామూలుగా చాయపత్తి తీసుకున్నాడు. దేశంలో నిల్వలున్నాయి, ఎగబడి కొనొద్దని కేంద్ర మంత్రి, పెట్రోలు, గ్యాస్ కంపెనీలు చెబుతూనే ఉన్నాయి. చెబితే ఎవరు వింటారు? కళ్ల ముందు దుకాణంలో షెల్ఫు ఖాళీగా కనబడితే కాలు ఆగదు. షెల్ఫు ఖాళీ కాకుండా చూసుకుంటే సగం భయం అక్కడే పోతుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లు

తమ్ముడూ, నీ ఇంటికి నెలన్నర నిల్వ చాలు. నెలనెలా వాడుతూ, వాడినంత తెచ్చి వెనక పెట్టుకో. సంవత్సరం బియ్యమే కావాలంటే వానాకాలం పంట ఆడినాక, సంక్రాంతి దాటాక కొను. అవి ఆరు నెలలు పాతబడితే అన్నం పొడిపొడిగా వస్తుంది. ఎండలో పోయకు, గింజ పగిలి నూకైపోతుంది. నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో ఎండు వేపాకు వేసి, నేలకు తగలకుండా చెక్క మీద పెట్టు. బోరిక్ పౌడర్ కలపమని ఎవరన్నా చెబితే వినకు, పిల్లలున్న ఇల్లు.

మహబూబ్‌నగర్ రిటైర్డ్ టీచర్

కందిపప్పు కాదు, కందులు కొను బాబూ. జనవరి, ఫిబ్రవరిలో నారాయణపేట, కొడంగల్ వైపు కొత్త కందులు వస్తాయి. ఎర్రమట్టి పట్టించి ఎండబెడితే ఏడాది పురుగు పట్టదు. కోత సమయం అన్న మాట నేను ముందు ఆలోచించలేదు, మిల్లు అబ్బాయి చెప్పాకే తట్టింది.

చందంపేట ఏఎన్ఎం

టీచరమ్మా, మా తండాలో మహిళా సంఘం ఉంది. పదిహేను మంది కలిసి ఒక బస్తా కందులు కొంటే ఒక్కొక్కరి మీద పెద్దగా పడదు. ఎర్రమట్టి ఎంత, ఎట్లా పట్టించాలో వివరంగా రాస్తారా? వచ్చే మీటింగ్‌లో చదివి వినిపిస్తాను. పెట్టుకోవడానికి మూత ఉన్న పాత నూనె డ్రమ్ములు దేవరకొండలో దొరుకుతాయా అన్నా?

దేవరకొండ కిరాణం

నా దగ్గరే మూడున్నాయి చెల్లె. కడిగి ఎండబెట్టి ఉంచుతాను, శనివారం ఆటో పంపు.