సింగపూర్ నుంచి యోకోహామా క్రూజ్: ఏ రేవులో సొంతంగా తిరగొచ్చు, ఇండియన్ పాస్‌పోర్టుకి ఏ కాగితాలు కావాలి?

గోదారి_గట్టు అడుగుతున్నారు:

మార్చి చివర్లో బయల్దేరే క్రూజ్. సింగపూర్‌లో ఎక్కి యోకోహామాలో దిగిపోవడం, అక్కణ్ణుంచి విమానం. నలుగురం, అందులో ఇద్దరు అరవై దాటిన పెద్దవాళ్లు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. ఓడ వరసగా ఆగేవి: లేమ్ చబాంగ్ (బ్రోషర్‌లో "బ్యాంకాక్" అని వేశారు), ఫూ మీ ("హో చి మిన్ సిటీ"), చాన్ మే ("హ్యూ, డా నాంగ్"), హా లాంగ్, హాంకాంగ్, కీలుంగ్ ("తైపే"), నాహా, బుసాన్. ఎక్కడైనా పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకానే.

ఓడవాళ్ల టూర్ల రేట్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. ఎక్కడ వాటి అవసరం లేదు? వీసాల సంగతేంటి? పెద్దాయన గుడ్డు కూడా ముట్టని శాకాహారి, ఆవకాయ, పొడులు ఎక్కనిస్తారా?

లంగరు_తాడు:

ముందు బ్రోషర్‌లో ఊళ్ల పేర్లు కొట్టేసి రేవుల పేర్లే ఉంచుకోండి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

లేమ్ చబాంగ్ నుంచి బ్యాంకాక్ సుమారు 120 కిలోమీటర్లు. ఓడ 7కి ఆగినా, అధికారుల క్లియరెన్స్ అయి జనాన్ని దిగనిచ్చేసరికి 8 అవుతుంది. అది కంటైనర్ల రేవు, లోపల నడవనివ్వరు, షటిల్ బస్సులో బయటికి రావాలి. 8:15కి వ్యాన్ ఎక్కితే బ్యాంకాక్ చేరేసరికి 10:15 పైమాటే. ఇప్పుడు వెనకనుంచి లెక్కేయండి. ఓడ 6కి కదిలితే అందరూ 5:30కల్లా లోపల ఉండాలి, కొన్ని ఓడలు గంట ముందే రమ్మంటాయి. సాయంత్రం ట్రాఫిక్‌లో తిరుగు ప్రయాణానికి మూడు గంటలు, పైన ఒక గంట పెట్టుకోవాలి. అంటే 1:30కి బ్యాంకాక్ వదలాలి. చేతిలో మిగిలేది మూడుంపావు గంటలు. గ్రాండ్ ప్యాలెస్, పక్కనే పడుకున్న బుద్ధుడి వాట్ ఫో, ఒక భోజనం, అంతే. ప్యాలెస్‌లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.

పెద్దవాళ్లతో ఆ ఐదారు గంటల బస్సు ఎందుకు అనిపిస్తే పట్టాయా వైపు వెళ్ళండి. నాక్లువాలో మొత్తం చెక్కతో కట్టిన శాంక్చురీ ఆఫ్ ట్రూత్ రేవుకి దగ్గర. 1981లో మొదలుపెట్టారు, ఇంకా చెక్కుతూనే ఉన్నారు. గోడల మీద మనకి తెలిసిన దేవుళ్లందరూ కనిపిస్తారు. నన్నడిగితే ఓడ ఒక్క పగలే ఆగేటప్పుడు బ్యాంకాక్ కంటే ఇదే నయం. రాత్రి కూడా ఆగితే మాత్రం బ్యాంకాక్‌లోనే గది తీసుకోండి.

ఫూ మీ కూడా అదే బాపతు. సైగాన్ (హో చి మిన్ సిటీకి పాత పేరు) నడిబొడ్డుకి 70 కిలోమీటర్ల పైన, గంటన్నర నుంచి రెండు గంటలు. ఇక్కడ చాలామంది పడే గొయ్యి, యుద్ధకాలంలో గెరిల్లాలు వాడిన కూచీ సొరంగాలు. అవి నగరానికి అవతలి పక్క, వాయవ్యాన. రేవు నుంచి లెక్కేస్తే పోనూ రానూ ఐదారు గంటలు బస్సులోనే పోతాయి. సొరంగాల్లో వంగి, పాక్కుంటూ వెళ్ళాలి, మోకాళ్ల నొప్పులవాళ్లకి అసలే వద్దు. నగరంలోనే ఉండండి: ఫ్రెంచివాళ్లు 1891లో పూర్తిచేసిన పోస్టాఫీసు, వార్ రెమ్నెంట్స్ మ్యూజియం, బెన్ థాన్ మార్కెట్, దానికి నడిచేంత దూరంలో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి.

చాన్ మేలో దిగితే హ్యూ ఒక వైపు, డా నాంగ్, హోయ్ ఆన్ ఇంకో వైపు. హ్యూకి గంటా పదిహేను నిమిషాల పైన, హోయ్ ఆన్‌కి దాదాపు రెండు గంటలు. రెండూ ఒకే రోజు చూపిస్తామనేవాడితో బేరం ఆడకండి. కోట, రాజుల సమాధులు కావాలంటే హ్యూ, పాత వీధుల్లో నిదానంగా నడవాలంటే హోయ్ ఆన్. డా నాంగ్ వైపు వెళ్తే డ్రైవర్‌ని ముందే అడగండి: హై వాన్ కనుమ మీదుగానా, ఆరు కిలోమీటర్ల సొరంగంలోంచా? సొరంగం టైము మిగులుస్తుంది, సముద్రం కనిపించేది కనుమ మీదే. ఒకటి పోయేటప్పుడు, ఒకటి వచ్చేటప్పుడు పెట్టించుకోండి.

హా లాంగ్‌లో బై చాయ్ దగ్గర ఓడకి సొంత రేవే ఉంది. హనోయ్ ఆశ వదిలేయండి, ఒక్కో వైపు రెండున్నర గంటలు. అక్కడ చూడాల్సింది ఆ రాళ్ల దీవులే, చిన్న పడవలో నాలుగైదు గంటలు. మార్చి, ఏప్రిల్‌లో తుంపర, పొగమంచు మామూలే, అది సిద్ధపడే ఎక్కాలి.

ఇక ఓడ టూరు కొనాల్సిన పనే లేనివి హాంకాంగ్, కీలుంగ్. హాంకాంగ్‌లో ఏ టెర్మినలో చూసుకోండి. ఓషన్ టెర్మినల్ అయితే చిమ్ షా చుయ్ నడిబొడ్డు, దిగి ఐదు నిమిషాల్లో స్టార్ ఫెర్రీ. కై తాక్ అయితే పాత విమానాశ్రయం రన్‌వే కొన మీద కట్టింది, మెట్రో స్టేషన్ నడక దూరంలో ఉండదు, టాక్సీ క్యూ పొడుగ్గా ఉంటుంది. షటిల్ బస్సు ఉంటే మొదటి గంటలోనే ఎక్కేయండి. కీలుంగ్‌లో రైల్వే స్టేషన్ రేవుకి ఎదురుగానే. తైపేకి లోకల్ రైలు ముప్పావు గంట. ఆ ఊరికి "వానల రేవు" అని పేరు, గొడుగు మర్చిపోవద్దు.

ఓడ టూరుకి డబ్బు పెట్టేదల్లా ఒక్కందుకే: ఆ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ సొంత వ్యాన్ ఆలస్యమైతే ఆగదు. కాబట్టి లేమ్ చబాంగ్, ఫూ మీల్లో కొనండి, మిగతా చోట్ల డబ్బు మిగుల్చుకోండి.

స్టాంపుల_పుస్తకం:

వీసాల దగ్గర మొదటి మాట. "ఆ రేవులో దిగను, ఓడలోనే ఉంటాను" అంటే చెల్లదు. దారిలో ఒక్క దేశం కాగితం లేకపోయినా సింగపూర్ కౌంటర్‌లోనే ఓడ ఎక్కనివ్వకుండా ఆపే హక్కు వాళ్లకుంది. ఓడ కంపెనీకి మీ జాతీయత, మార్గం రాసి, ఏమేం కావాలో ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ఫోన్లో చెప్పినదాన్ని నమ్మకండి.

మీ మార్గంలో అసలు ముడి జపాన్‌ది. నాహాలో జపాన్‌లోకి వస్తారు, బుసాన్‌కి బయటికి పోతారు, యోకోహామాలో మళ్లీ లోపలికి వస్తారు. ఇది రెండు ఎంట్రీలు. సింగిల్ ఎంట్రీ వీసా నాహాలోనే ఖర్చయిపోతుంది. డబుల్ లేదా మల్టిపుల్ అని రాసి, ఓడ షెడ్యూలు జతచేసి అడగండి. ఈ-వీసా విమానంలో వచ్చేవాళ్లకే, ఓడలో వచ్చేవాళ్లకి పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్ వీసా కావాలి. క్రూజ్ ప్రయాణికులకి వీసా లేకుండా దిగనిచ్చే పర్మిట్ జపాన్‌లో 2015 నుంచి ఉంది కదా అని ఎవరైనా అంటారు. అది గుర్తింపు ఉన్న ఓడలో వచ్చి, అదే ఓడలో తిరిగి వెళ్ళిపోయేవాళ్లకి. మీరు యోకోహామాలో దిగిపోతున్నారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత వరస ముఖ్యం. జపాన్ స్టిక్కర్ ముందు తెచ్చుకుంటే, దాన్ని చూపించి, కీలుంగ్‌లో వీసా బదులు పనికొచ్చే తైవాన్ ట్రావెల్ ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. అమెరికా, షెంగెన్ (యూరప్) లాంటి వీసా ఉన్నవాళ్లకి కూడా ఆ దారి ఉంది. అలాగని జపాన్‌కి మరీ ముందు పెట్టకండి, సాధారణంగా వీసా చేతికొచ్చిన మూడు నెలల్లోపే వాడుకోవాలి.

హాంకాంగ్‌కి 2017 నుంచి ఇండియన్లకి ప్రీ-అరైవల్ రిజిస్ట్రేషన్, అంటే వెళ్ళేముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు, తప్పనిసరి. ఉచితం, ఆరు నెలలు పనిచేస్తుంది, వచ్చిన ప్రతిసారి 14 రోజులు. ఎ4 కాగితం మీద ప్రింట్ తీసి సంతకం పెట్టుకోవాలి. అది తిరస్కరిస్తే మామూలు వీసాకి వారాలు పడుతుంది, కాబట్టి ఇది ముందే చేసేయండి. వియత్నాంకి ఈ-వీసా: సింగిల్ 25 డాలర్లు, మల్టిపుల్ 50. మూడు రేవులూ వరసగానే ఉన్నాయి కానీ తుపాను, గాలి వల్ల వరస మారిందంటే సింగిల్‌తో ఇరుక్కుంటారు. ఆ 25 డాలర్ల దగ్గర లోభించకండి. ఫారంలో ప్రవేశ ద్వారం దగ్గర ఎయిర్‌పోర్టు కాదు, సీపోర్టు ఎంచుకోవాలి. ఫూ మీకి ఏ పేరు నొక్కాలో ఓడవాళ్లనే అడగండి.

కొరియాకి (బుసాన్) మనకి వీసా కావాలి, ఓడ ద్వారా ల్యాండింగ్ పర్మిట్ ఇప్పిస్తారేమో అదే ఈమెయిల్‌లో అడగండి. సింగపూర్‌కి వీసా, దానితో పాటు చేరడానికి ముందు మూడు రోజుల లోపు నింపే అరైవల్ కార్డు. థాయ్‌లాండ్ నియమాలు ఈమధ్య తరచూ మారుతున్నాయి, బయల్దేరే నెలలో ఒకసారి చూడండి.

మనవాళ్ల పేర్ల తంటా ఒకటుంది. ఆధార్‌లో "ఎస్. వి." అని పొడి అక్షరాలు, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, టికెట్ మీద ఇంటిపేరు చివర. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి చూడండి, టికెట్, వీసా, రిజిస్ట్రేషన్ అన్నీ ఆ వరసలో ఉన్నట్టే నింపండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వియత్నాం ఈ-వీసా చెల్లని కాగితమే.

పచ్చడి_జాడీ:

శాకాహారం సంగతి నేను చెప్తా. ఇంట్లో వండినవి, సీసాల్లో పోసినవి ఎక్స్-రే దగ్గర తీసేస్తారు. ఫ్యాక్టరీ సీలు ఉన్న చిన్న ప్యాకెట్లు మామూలుగా వదిలేస్తారు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె ఏ ఓడా ఒప్పుకోదు. గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధం, ఇంట్లో దంచిన మసాలా పొడి తీసుకెళ్లేముందు అందులో ఏమున్నాయో గుర్తు చేసుకోండి. మీలో మాంసం తినేవాళ్లు ఉంటే చికెన్ పచ్చడి పెట్టెలో పెట్టనే వద్దు. మాంసం పదార్థాలు జపాన్, తైవాన్ రెండూ రానివ్వవు. తైవాన్‌లో అయితే పంది మాంసం దొరికితే మొదటిసారే రెండు లక్షల తైవాన్ డాలర్ల జరిమానా వేయొచ్చు. ఓడ బఫేలో చుట్టించుకున్న హ్యామ్ శాండ్‌విచ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పండ్లు కూడా ఓడ దాటించకండి.

ఓడలో మొదటి రాత్రే డైనింగ్ హాల్ పెద్దని పట్టుకుని, రేపటి భోజనం ఇండియన్ వెజిటేరియన్, గుడ్డు లేకుండా అని ఈరోజే చెప్పాలి. వంటింట్లో మనవాళ్లు ఉంటే పప్పు, అన్నం, పెరుగు దొరుకుతాయి.

బయట: వియత్నాంలో "చాయ్" (chay) అని రాసిన హోటళ్లు చూడండి, ఆ మాటకి అర్థం శాకాహారమే. మామూలు హోటల్లో "కూరగాయలే" అన్నా చేపల సాస్ పడుతుంది. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉంటే "జే", అంటే కట్టు శాకాహారం, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. తైవాన్ సుఖం, శాకాహార హోటళ్ల బోర్డు మీద చాలాచోట్ల స్వస్తిక్ గుర్తు ఉంటుంది. జపాన్‌లో ఉడికిన బంగాళాదుంప ముక్కకి కూడా ఎండుచేప రసం తగిలి ఉండొచ్చు, పెద్దాయనకి ఓడలోనే భోజనం పెట్టించి దింపండి.

దగ్గు మందుల్లో కోడీన్ ఉంటే జపాన్‌కి తేవద్దు. మిగతా మాత్రలు నెలకి సరిపడా, డాక్టరు చీటీతో సహా.

గోదారి_గట్టు:

చాలా థాంక్స్ అండీ. జపాన్ డబుల్ ఎంట్రీ సంగతి మా ఏజెంటు ఒక్క మాట చెప్పలేదు. ఇంకొక్కటి, ఒకవేళ నిజంగానే ఓడ వెళ్లిపోతే?

లంగరు_తాడు:

ఓడ తప్పడానికి ట్రాఫిక్ తర్వాత పెద్ద కారణం గడియారం. సింగపూర్ టైము కంటే థాయ్‌లాండ్, వియత్నాం గంట వెనక, హాంకాంగ్, తైవాన్ మళ్లీ సింగపూర్‌తో సమానం, జపాన్, కొరియా గంట ముందు. ఓడ టైము రేవు టైముతో కలవకపోవచ్చు, ఫోనేమో తనంతట తాను మారిపోతుంది. అందరికీ ముళ్ల గడియారం పెట్టించి, ఓడలో గోడ గడియారం చూసి కలుపుకోండి.

రోజూ గదికి వచ్చే కాగితం మీద ఆ రేవు ఏజెంటు పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి. దిగేముందు దానికి ఫోటో తీసుకోండి. పాస్‌పోర్టు, వీసాల ఫోటోలూ ఫోన్లో ఉండాలి. ఆలస్యమవుతోందని తెలిసిన క్షణమే ఆ నంబర్‌కి ఫోన్ చేయండి. మీరు రాకపోతే ఓడవాళ్లు మామూలుగా మీ గది లాకర్ తెరిచి పాస్‌పోర్టులు ఏజెంటుకి అప్పగించి వెళ్తారు. పాస్‌పోర్టులు ముందే ఓడవాళ్లు తీసి పెట్టుకున్నా సరే, ఏజెంటుకి ఇచ్చారా అని అడగండి. ఓడ తర్వాత ఆగే రేవుకి మీ ఖర్చుతో విమానంలో వెళ్ళి ఎక్కాలి. అందుకే మాత్రలు, ఒక కార్డు, కొంత నగదు ఎప్పుడూ చేతి సంచిలో, గదిలో కాదు.

నగదు అంటే గుర్తొచ్చింది. వియత్నాంలో 20,000 డాంగ్ నోటు, 5,00,000 నోటు రెండూ నీలమే. టాక్సీ దిగేటప్పుడు, అదీ హడావుడిలో, పాతిక రెట్లు ఎక్కువ ఇచ్చేయడం సులువు. పెద్ద నోట్లు వేరే అరలో పెట్టండి.