ఉబుంటు వేశాక వైఫై కనిపించట్లేదు

ప్రశ్న: హన్మకొండలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన, అంతా బాగానే ఉంది గానీ వైఫై గుర్తే లేదు, ఎల్ఎస్‌పీసీఐ (లోపలి పరికరాల పేర్లు చూపే కమాండ్) కొడితే వైఫై కార్డు బ్రాడ్‌కామ్ బీసీఎం43142 అని వస్తోంది. రూమ్‌లో కేబుల్ కనెక్షన్ కూడా లేదన్నా, ఏం చేయాలి?

జవాబు: ఆ కార్డుకు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) విడిగా వేసుకోవాలి తమ్మీ. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్, ఫోన్‌లోని నెట్ ల్యాప్‌టాప్‌కు వస్తది. తర్వాత 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ అనే డ్రైవర్ ఎంచుకో.

ఇంకో జవాబు: సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే అంతటితో అయిపోదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటది, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ రాగానే టెన్షన్ పడి కంటిన్యూ కొట్టకు, 'ఎన్‌రోల్ ఎంఓకే' (ఆ డ్రైవర్ సంతకాన్ని నమ్మమని చెప్పే ఆప్షన్)లోకి పోయి అదే పాస్‌వర్డ్ ఇవ్వు.

ప్రశ్న అడిగినవారు: వచ్చిందన్నా! కానీ రూటర్‌ది 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించట్లే.

జవాబు: కనిపించదు, అది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే కార్డు.